ఒక్క మోతకు సరిపడా మందు

చరిత్రకారులు ఇంతవరకు పట్టించుకోలేదు గానీ, న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరాన స్క్రేప్ కోవ్ అనే పల్లెలో కాలానికి రెండే యుగాలు. ట్రైఫీనా పార్డీ పుడ్డింగు దించక ముందు ఒకటి, దించాక ఒకటి. ప్రభుత్వం దివాలా తీసింది. చేపల ధర పాతాళానికి పోయింది. రాజులు మారారు. క్రిస్మస్ నాడు మిట్టమధ్యాహ్నం పుడ్డింగు కట్టిన గుడ్డమూట మరిగే కుండలోంచి పైకి లేవడం, ఆ క్షణానే ఆమె మొగుడు హెజకయా గుమ్మంలో నిలబడి ఆకాశంలోకి తుపాకి పేల్చడం మాత్రం మారలేదు. పెద్దకొడుకు ఆంబ్రోస్ సముద్రంలో పోయిన ఏడు కూడా తుపాకి మోగింది. ఆడపిల్లలిద్దరూ ఒకే చలికాలంలో క్షయతో పోయిన ఏడూ మోగింది. ఆంబ్రోస్ తరువాత హెజకయా గుడి గడప తొక్కలేదు, కానీ పెళ్ళాం దించిన మూటకు పేల్చవలసిన మోత పేల్చేవాడు. మతం వేరు, పుడ్డింగు వేరు.

ఆ ఏడు సర్కారు ధర్మంగా ఇచ్చిన నల్లపిండే దిక్కు. పుడ్డింగులో ఎండుద్రాక్షలు ఒకదానికొకటి కనపడనంత దూరంగా ఉన్నాయి. మిగిలిన ఒక్క కొడుకు గార్లండ్, క్రిస్మస్ ఆరాధనకు పాస్టరుగారిని తీసుకురావడానికి ముందురోజు పొద్దున్నే పడవ వేసుకుని పక్క రేవుకు పోయాడు. మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. ఊళ్ళో మగవాళ్ళు కొండకొమ్ము మీద నిలబడి, దారి తెలియడానికి తుపాకులు పేల్చారు. గాలి ఆ మోతలన్నిటినీ తిరిగి ఊరి మీదికే తోసేసింది. చివరికి తుపాకిమందు అయిపోయింది.

పండగ పొద్దున గాలి పడిపోయింది గానీ మంచు లేవలేదు. పక్కింటి ముసలి జోబు టీ తాగడానికి వచ్చి, రొట్టె ఒక ముక్క కోసుకుని మిగతాది బల్ల మీద పెట్టాడు.

"జోబు బాబాయ్, ఆ రొట్టె ఎలా పెట్టావో చూసుకున్నావా?" అంది ట్రైఫీనా.

రొట్టె బోర్లా ఉంది. ఆ తీరంలో రొట్టె బోర్లిస్తే ఎక్కడో ఒక పడవ బోర్లుతుంది. జోబు గబగబా తిప్పాడు.

"చూపు ఆనడం లేదమ్మాయ్."

"చూపు ఆనకపోతే చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి."

"తిప్పితే ఏంటి, తిప్పకపోతే ఏంటి?" అన్నాడు హెజకయా, పొయ్యి వైపు చూస్తూ. "ఆంబ్రోస్ పోయిన నాడు ఈ ఇంట్లో రొట్టెలన్నీ సరిగ్గానే ఉన్నాయి."

 పొయ్యి మీద కుండ గుడగుడమంది.

కాసేపటికి హెజకయా లేచాడు. "టీ డబ్బాలో ఒక మోతకు సరిపడా మందు దాచావు. నాకు తెలుసు. ఇటు తే."

"అది పుడ్డింగుకి."

"కొడుకు నీళ్ళ మీదున్నాడే!"

"అందుకే. ఇప్పుడు పేలిస్తే ఎవరో బాతును కొట్టారనుకుంటాడు. పన్నెండింటికి మోగితే మన గుమ్మమేనని వాడికి తెలుసు. చెవులు రిక్కించుకుని ఉంటాడు."

"అప్పటిదాకా ఉంటే."

ట్రైఫీనా మూత తీసి చూసింది, అవసరం లేకపోయినా.

రేవు చూసి వస్తానని వెళ్ళిన జోబు తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. చావు కబురు తెచ్చినవాడిలా టోపీ చేతిలో ఉంది. అది ఆమెకు నచ్చలేదు.

"ఆటు మొదలైంది," అన్నాడు. "అనుకున్నదాని కంటే ముందే. ఇప్పుడు కొమ్ము దగ్గర ఏ పడవున్నా ముసలమ్మ పళ్ళ మీదికే లాగేస్తది."

ముసలమ్మ పళ్ళంటే రేవు నోట్లో నీళ్ళ కింద ఉన్న రాళ్ళు. ఆంబ్రోస్ టోపీ దొరికింది అక్కడే. తలుపు తెరిచి ఉండటంతో ఆ పళ్ళు కొరుకుతున్న చప్పుడు వంటింట్లోకి స్పష్టంగా వినిపించింది.

"చెప్పవే," అన్నాడు హెజకయా గొంతు తగ్గించి. "పన్నెండయ్యేదాకా ఆగమన్నాడా నీ దేవుడు?"

ట్రైఫీనా గడియారం వైపు చూసింది. పన్నెండుకు ఇంకా చాలా ఉంది. మూట లేపే కొక్కెం అందుకుంది.

"ఆయన పుట్టిన నాడు గది సిద్ధంగా ఉందా? మంచం వేసుందా? అన్నీ సిద్ధమయ్యాక వద్దామనుకుంటే ఈపాటికీ వచ్చేవాడు కాదు." మూట పైకి లేచింది, ఆవిరి కక్కుతూ. "పుడ్డింగు దిగింది. పేల్చు."

"అది దించకుండానే పేలిస్తే సరిపోయేది కదే."

"దిగకుండా మోగితే అబద్ధం. ఈ పూట అబద్ధం వద్దు."

హెజకయా పేల్చాడు. పొగమంచు ఆ మోతను నోట్లో వేసుకుని మింగేసింది.  ముసలమ్మ పళ్ళు కొరుకుతూనే ఉన్నాయి. జోబు తల వంచుకున్నాడు. ట్రైఫీనా బల్ల మీద పళ్ళేలు పెట్టసాగింది.

"అన్ని ఎవరికి?" అన్నాడు హెజకయా.

"వచ్చేవాళ్ళకి."

ఆమె చెంచాలు కూడా పెట్టింది. ఒకటి కింద పడింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. ఖాళీ తుపాకితో మొగుడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

అప్పుడు మంచులోంచి, ఎవరూ చూడని వైపు నుంచి, చాలా దగ్గరగా ఒక గొంతు వినిపించింది.

"అమ్మా, ఇంకా పన్నెండు కాలేదు కదే. మేం రాకుండానే దించేశావా?"

హెజకయా మోకాలిలోతు నీళ్ళలోకి నడిచి పడవ ముక్కు పట్టుకున్నాడు. గార్లండ్ దిగాక కూడా వదల్లేదు. పాస్టరుగారు రంగు తేలిపోయిన ముఖంతో, వాంతి మరకల కోటుతో, పడవలోంచి పాకుతూ దిగారు.

"రాత్రంతా ఏదో దీవి చాటున ఉన్నాం నాన్నా. పొద్దున బయల్దేరితే ఎటు పోతున్నామో తెలీలేదు. పళ్ళ చప్పుడు విని మన రేవనుకుని అటే తెడ్డేస్తున్నా. వెనక నుంచి మోత వినపడింది. పండగపూట తుపాకంటే అమ్మ మూటేలే అనుకున్నా. నీ గడియారం చెడిపోయిందనుకున్నానమ్మా."

బల్ల దగ్గర పాస్టరుగారు చేతులెత్తి ప్రార్థన చేశారు. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పారు, ఆంబ్రోస్ పేరు కూడా. చివర ఆమెన్ అన్నది అందరికంటే ముందు హెజకయా. జోబు ఉలిక్కిపడ్డాడు గానీ, రొట్టె జోలికి మాత్రం పోలేదు.

తరువాత ట్రైఫీనా కత్తి తీసుకుని పుడ్డింగు కోసింది. మధ్యలో పచ్చిగా ఉంది.