ఆపిన కబురు

ఏలూరులో పురోహితుడు ఉమాపతిగారింట్లో ఫోను మోగితే ఎత్తేది ఆయన భార్య సూర్యకాంతమే. ఆవిడ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే ఆనవాయితీ. ఆయన పెళ్ళిపీటల దగ్గరో హోమగుండం దగ్గరో కూర్చుని ఉంటారాయె, చేతిలో నెయ్యిగరిటె పట్టుకుని ఫోను ఎత్తమంటే ఎలా? అందుచేత పెళ్ళి కబురైనా పురుటి కబురైనా చావు కబురైనా ముందు ఆవిడ చెవినే పడాలి. దాన్ని ఆయనకు ఎప్పుడు చెప్పాలన్నది కూడా ఆవిడ ఇష్టమే. ఇదేమంత పెద్ద విషయమని ఎవరైనా అనుకుంటే, వాళ్ళ వంశంలో పురోహితులు లేరన్నమాట.

జ్ఞాతుల్లో ఎవరు పోయినా ఇంటిల్లిపాదికీ మైల. మైలలో ఉన్నవాడు పెళ్ళి చేయించకూడదు. అయితే దూరాన జరిగిన చావు కబురు చెవిన పడేదాకా మైల తగలదు, విన్నప్పటి నుంచే అది మొదలు. ఈ వెసులుబాటును సూర్యకాంతం వాడుకున్నట్టు ఏ శాస్త్రులూ వాడుకుని ఉండరు. ఒకసారి మండవల్లిలో చేపల చెరువుల ఆసామి ఇంట పెళ్ళి. ముహూర్తం దగ్గర పడుతుండగా ఉమాపతిగారి పినతాత మనవడు పోయాడని ఫోనొచ్చింది. ఆవిడ "అయ్యో పాపం" అని పెట్టేసి, పూజగది తలుపు చేరవేసి, మూడుముళ్ళూ పడి తలంబ్రాలు పోసుకున్నారని తెలిసేదాకా నోరు మెదపలేదు. ఆయన ఇంటికొచ్చాక గేటు దగ్గరే నిలబెట్టి కబురు చెప్పి, రెండు బిందెల నీళ్ళు కుమ్మరించింది. "మంచి పని చేశావే. ఆ పిల్ల పెళ్ళి నా వల్ల ఆగి ఉండును" అన్నారాయన తల తుడుచుకుంటూ.

"కొందరి నోట్లో నువ్వుగింజ నానదు. మా మరదలి నోట్లో గుమ్మడికాయ కూడా నానుతుంది" అని నవ్వేవారు బావగారు నరసింహమూర్తి. ఆయన ఉమాపతిగారికి అన్నగారు, ముదినేపల్లిలో శివాలయం అర్చకుడు. పిల్లల్లేరు. భార్య సుబ్బాయమ్మా ఆయనా, అంతే. నెలకోసారైనా తమ్ముడింటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మరదలి చేతి పులిహోర తిని వెళ్ళేవారు.

ఆ రాకపోకలు సూర్యకాంతం కొడుకు భరద్వాజ్ పెళ్ళిలో తెగిపోయాయి. ముహూర్తం ఉమాపతిగారే పెట్టారు. సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకు అన్నగారు పందిట్లో అందరికీ వినపడేలా "ఈ లగ్నానికి అష్టమశుద్ధి లేదు, ఎలా పెట్టావురా" అన్నారు. పురోహితుణ్ణి పదిమందిలో అంతకన్నా పెద్ద మాట అనలేరు. ఉమాపతిగారు తల దించుకుని మంత్రం చదివారు. తరువాత ఆయన మెత్తబడేవారేమో గాని సూర్యకాంతం పడనివ్వలేదు. ఆయన "అన్నయ్య ఎలా ఉన్నాడో" అన్నప్పుడల్లా "మన లగ్నం సంగతి ఆలోచిస్తూ ఉండుంటారు లెండి" అనేది. భరద్వాజ్ కాపురం పచ్చగా ఉంది, మనవరాలు హర్షిణి ఐదో తరగతికి వచ్చింది. ఆవిడ కడుపులో మంట మాత్రం చల్లారలేదు.

ఈ వేసవిలో మూఢం వచ్చింది. మూఢంలో ముహూర్తాలుండవు గనక పురోహితుడికి తీరిక దొరికేది అప్పుడే. ఏలూరులోనే కాలేజీ లెక్చరరుగా పనిచేస్తున్న భరద్వాజ్ "అందరం బ్యాంకాక్ వెళ్దామండీ నాన్నగారూ" అన్నాడు.

"ఈ వయసులో సముద్రం దాటడమేవిట్రా?" అన్నారు ఉమాపతిగారు.

"హనుమంతుడు దాటలేదుటండీ?" అంది సూర్యకాంతం.

"ఆయన పని మీద వెళ్ళాడే" అని నవ్వేశారు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆవిడకు చచ్చేంత సరదాగా ఉంది. కాశీకి ఒకసారి వెళ్ళింది గాని అక్కడా పదిమందికి వండిపెట్టడమే అయింది. ఈసారి కోడలు కృష్ణప్రియ "అత్తయ్యగారూ, మీరు గరిట పట్టుకోకూడదు, నేను చూసుకుంటాను" అని చిన్న కుక్కరూ కందిపొడీ చింతకాయ పచ్చడీ తన పెట్టెలోనే సర్దుకుంది. బ్యాంకాక్ హోటల్లో ఎనిమిదో అంతస్తు గది కిటికీలోంచి పెద్ద నదీ, దాని మీద బారులు తీరిన పడవలూ కనిపించాయి. సూర్యకాంతం ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. ఈ నాలుగు రోజులూ తనవి, ఎవరికీ ఏమీ వండక్కర్లేదు.

మగవాళ్ళు పిల్లను తీసుకుని కిందికి వెళ్ళారు. కోడలు స్నానానికి పక్కగదిలోకి వెళ్ళింది. అప్పుడే ఫోను మోగింది.

"సూర్యం, మీ బావగారు వెళ్ళిపోయారే" అంది సుబ్బాయమ్మ.

గొంతు బొంగురుపోయి ఉంది గాని మాట తడబడలేదు. "పొద్దున్న సంధ్య వార్చుకుంటూ అలా ఒరిగిపోయారు. నెల్లాళ్ళ బట్టీ ఒకటే మాట, నాకేదన్నా అయితే ఉమాపతి చేతే నిప్పు పెట్టించండి, ఇంకెవర్నీ పెట్టనివ్వద్దు అని. ఐసు పెట్టె తెప్పించాం. రేపు సాయంత్రం దాకా ఉంచుతాం. ఉమాపతిని బయల్దేరమని చెప్పవే. ఒక్కడొచ్చినా చాలు."

"ఉండండి అక్కయ్యా, ఆయన్ని అడిగి చేస్తాను" అంది సూర్యకాంతం.

అడగడానికి గదిలో ఎవరున్నారు? ఫోను చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చుంది. రేపు సాయంత్రానికి వెళ్ళవచ్చు. విమానాలున్నాయి, ఆ సంగతి ఆవిడకు తెలుసు. చెబితే ఆయన పెట్టె కూడా విప్పకుండా లేచిపోతారు. ఆయన వెళితే అందరూ వెళ్ళాలి. పిల్ల ఏడుస్తుంది, కొడుకు మొహం చిన్నబోతుంది. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. లోపలి మాట వేరే ఉంది. పందిట్లో మా ఆయన తల దించుకునేలా చేసిన మనిషి కోసం, నా జన్మలో దొరికిన ఈ నాలుగు రోజులూ ఎందుకు వదులుకోవాలి అనిపించింది. అలా అనిపించినందుకు ఆ క్షణంలో సిగ్గు కూడా వెయ్యలేదు.

కాసేపాగి తిరిగి ఫోను చేసింది. "ఆయన వీలు పడదంటున్నారు అక్కయ్యా. టిక్కెట్లు దొరకవుట. మీరు కానిచ్చేయమన్నారు."

"అలాగా. సరేలేవే" అని సుబ్బాయమ్మ పెట్టేసింది.

కబుర్లు ఆపడం ఆవిడకు కొత్త కాదు. కాని ఎప్పుడూ ఎవరిదో పెళ్ళి ఆగకూడదని ఆపింది. మూఢంలో ఏ ముహూర్తం ఉందని ఇప్పుడు ఆపినట్టు? పైగా ఆయన అనని మాట ఆయన పేరు మీద చెప్పడం ఇదే మొదలు.

తనకు మాత్రం మైల తగిలింది కదా. కట్టుకున్న చీరతోనే స్నానాల గదిలోకి వెళ్ళి నెత్తి మీద నీళ్ళు పోసుకుంది. తడిచీర బాల్కనీలో కుర్చీ మీద ఆరేసింది. ఉమాపతిగారు పైకి వచ్చి ఆ చీర వంక చూశారు, ఆవిడ తడిజుట్టు వంక చూశారు. ఏమీ అడగలేదు.

మర్నాడు పడుకున్న బుద్ధుణ్ణి చూడబోయారు. మైలలో గుడి గుమ్మం ఎలా తొక్కుతుంది? మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని బయట బల్ల మీద కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం నడిబజారులో, రైలు వంతెన పక్కన, నాలుగు ముఖాల బ్రహ్మదేవుడు కనిపించాడు. ఉమాపతిగారికి పట్టరాని సంతోషం. మన దేశంలో వెతికితే తప్ప బ్రహ్మకు గుడి దొరకదు, ఇక్కడేమో దుకాణాల మధ్య బంతిపూల దండలతో నిండా వెలిగిపోతున్నాడు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. ఇక గంటసేపు రారని సూర్యకాంతం అనుకుంది. కాని ఒక్క ప్రదక్షిణం చేసి వచ్చేసి, జనంలో ఆవిడ పక్కనే నిలబడ్డారు.

"అప్పుడే వచ్చేశారేవండీ?"

"నువ్వొక్కదానివీ ఇక్కడుంటే నాకేం బావుంటుందే" అన్నారు.

కాపురంలో ఎన్నడూ ఆయన నోట అలాంటి మాట విని ఎరగదు. ఆ తరువాత కూడా అంతే. ఎండలో గొడుగు తెచ్చి పట్టారు. నడుం నొప్పి అని చెప్పి ఆవిడ కింద దుప్పటి పరుచుకుంటే, "మంచం మీద పడుకోవే" అని ఒక్క మాటా అనకుండా తన తలగడ కూడా తెచ్చి కింద పెట్టారు. ప్రతూనాం బజారులో కోడలూ మనవరాలూ గౌన్లు బేరమాడుతుంటే, చీరల ఊసే పట్టని ఆ మనిషి తనంతట తాను పట్టుశాలువా ఏరి, "ఇది నీకు నప్పుతుంది" అన్నారు. సూర్యకాంతం దాన్ని చేత్తో తాకలేకపోయింది. ఈయన ఎందుకిలా ఉన్నారో ఆవిడకు అర్థం కాలేదు.

అర్థమైంది తిరుగు ప్రయాణం ముందు రోజు, నది ఒడ్డున. పిల్లలు పడవ టిక్కెట్ల కోసం వెళ్ళారు. ఇద్దరూ రేవు బల్ల మీద కూర్చున్నారు.

"ఇవాళ్టికి మూడు రోజులూ తీరాయి. ఆడపిల్లకి పుట్టింటి మైల మూడు రోజులేగా" అన్నారు ఉమాపతిగారు మెల్లగా. "ఇకనైనా చెప్పవే. అత్తయ్యగారేనా?"

సూర్యకాంతం తల్లి తాడేపల్లిగూడెంలో ఉంటుంది, తొంభై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి.

"వచ్చిన పూటే తడిచీర చూశాను. గుడి గుమ్మం తొక్కలేదు, కింద పడుకున్నావు. నాకు తెలియదుటే? పిల్ల సరదా పాడవుతుందని అంత దుఃఖం ఒక్కదానివీ దిగమింగుకున్నావు. అడిగితే నలుగురిలో ఏడుస్తావని నేనూ అడగలేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకునే ప్రయత్నం కూడా చేయలేకపోయింది ఆవిడ. "మా అమ్మ కాదండీ" అంది. "మీ అన్నయ్యగారు."

ఆయన చెయ్యి ఆవిడ చేతి మీద ఉంది. అది అక్కడే ఉండిపోయింది, తీయడం కూడా మరిచిపోయినట్టు.

"ఎప్పుడు?"

"మనం దిగిన రోజు పొద్దున్న."

"నిప్పు ఎవరు పెట్టారు?"

"చంటి పెట్టాడట. మర్నాడు ఫోనులో తెలిసింది."

చంటి దూరపు జ్ఞాతి కొడుకు. చేపల మేత దుకాణంలో లెక్కలు రాసే కుర్రాడు. గాయత్రి కూడా సరిగా పలకడు. "చంటి" అన్నారు ఉమాపతిగారు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా హోటలు వైపు నడిచారు. సుబ్బాయమ్మ చెప్పిన మిగతా మాటలు ఆవిడ నాలిక చివరే ఆగిపోయాయి. గదికి వచ్చేసరికి స్నానాల గదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు, ఆ చప్పుడు వెనక ఆయన ఏడుపూ వినిపించాయి. పెళ్ళయిన తరువాత ఆయన ఏడుపు వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక ఆయన ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బావుండునని సూర్యకాంతం కాచుకుని కూర్చునేది. అడిగినదానికి ఊఁ అనడం, పెట్టింది తినడం, అంతే. మిగతా మాట ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పదో రోజు వచ్చేసింది.

నిప్పు పెట్టినవాడే పదో రోజు దాకా కర్మ చేయాలి, మధ్యలో చెయ్యి మారకూడదు. అందుచేత ముదినేపల్లి కాలవ రేవులో చంటి పీట మీద కూర్చున్నాడు. ఎందరి కొడుకుల చేతనో తండ్రులకు పిండాలు పెట్టించిన ఉమాపతిగారు, సొంత అన్నగారికి ధర్మోదకాలు వదలడానికి జ్ఞాతులతో పాటు తడిపంచెతో గట్టున నిలబడ్డారు. చంటి మంత్రం తప్పినప్పుడల్లా ఆయన పెదవులు సరైన మాట పలుకుతున్నాయి, పైకి వినపడకుండా.

సుబ్బాయమ్మ దగ్గరికి వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మరిదికి తలదువ్వి బడికి పంపిన మనిషి.

"నీకు వీలు పడలేదుట, సూర్యం చెప్పింది. నేనేమీ అనుకోలేదు ఉమాపతీ" అంది. "ఆయనే, నెల్లాళ్ళ బట్టీ నీ చేతి నిప్పే కావాలని కలవరించారు. పెళ్ళిలో అన్నమాట నువ్వింకా మనసులో పెట్టుకున్నావేమోనని అదొక్కటే నా బెంగ."

ఉమాపతిగారు మెల్లగా తల తిప్పి భార్య వైపు చూశారు. సూర్యకాంతం ప్రాణం కడబట్టిపోయింది. ఇప్పుడు అంటారు, అందరిలో అంటారు, అననీ అనుకుంది.

"మనసులో ఏమీ లేదు వదినా" అన్నారాయన. "నాకే వీలు పడలేదు."

పుట్టి బుద్ధెరిగి ఆ మనిషి అబద్ధమాడింది లేదు. ఆడి, వంతు రాగానే నీళ్ళలోకి దిగిపోయారు.

సుబ్బాయమ్మకు బెంగ తీరినట్టుంది. "పోన్లే, నా తండ్రి" అనుకుంటూ, నిలబడే ఓపిక లేక తోడికోడలి భుజం మీద తల ఆనించింది. ఆ తల బరువు సూర్యకాంతం మోయలేకపోయింది. కాలవలో ఆయన దోసిలి నిండా నీళ్ళెత్తి, అన్నగారి పేరు చెప్పి వదులుతున్నారు.

"అక్కయ్యా" అంది సూర్యకాంతం. "ఆ రోజు నేను ఆయన్ని అడగలేదు. అసలు చెప్పనే లేదు."

సుబ్బాయమ్మ భుజం మీది తల ఎత్తింది.