ఎదురింటి పిల్ల బొమ్మల పుస్తకం

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిదిలో, సిరిసిల్లలో మా వాడ మొత్తానికి అనుమానం పట్టుకుంది. ప్రత్యేక తెలంగాణ గొడవల్లో బడులు మూతపడ్డాయి. కొత్త మనిషి వీధిలోకి వస్తే చాలు, ఎవరి తరఫువాడో అని తలుపు సందుల్లోంచి చూసేవాళ్లం. అందరికంటే ఎక్కువ అనుమానం నాదే. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మా ఎదురింట్లో కరెంటాఫీసు సారు కుటుంబం అద్దెకుండేది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లమ్మాయిది నా ఈడే. అంతకుముందు ఇద్దరం కలిసి గచ్చకాయలాడేవాళ్లం. గొడవలు మొదలయ్యాక ఆ పిల్ల మాట తీరు వింటేనే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు తెల్లారేసరికి బడి గోడ మీద 'జై తెలంగాణ' అని పెద్ద అక్షరాలు కనిపించాయి. రాసింది మా అన్న. పోలీసులు వచ్చి, వాడలో ఇంకే ఇంటినీ అడగకుండా నేరుగా మా ఇంట్లోకే వచ్చి అన్నను పట్టుకుపోయారు. అంతకు కాసేపటి ముందే వాళ్లలో ఒకాయనకు ఎదురింటి పిల్ల మంచినీళ్లు ఇవ్వడం నేను చూశాను. నాకది చాలు. "గా పిల్లనే చెప్పింది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. సాయంత్రానికి ఆ పిల్లతో ఆడేవాళ్లు లేరు. వాళ్లమ్మ బావి దగ్గరికి వస్తే ఆడవాళ్లు మాటలాపేసేవారు. నాలుగు రోజులకు, సారు సామాను సర్దుతున్నాడనీ, పెళ్లాన్నీ బిడ్డనూ ఊరికి పంపేస్తాడనీ తెలిసింది. పీడ పోతుందనుకున్నాను.

దర్జీ చాచా కూతురు మా పక్కింటి అక్క. బడులు లేవని మా పిల్లలందర్నీ తన అరుగు మీద కూర్చోబెట్టి చదివించేది. ఆ రోజు ఎదురింటి పిల్లను కూడా పిలిచి, ఆ పిల్ల దగ్గరున్న బొమ్మల పుస్తకం తెమ్మంది. ఆ పిల్ల చివరి మెట్టు మీద ఒక్కతే కూర్చుంది. అక్క ఒక పేజీ తెరిచి, బొమ్మను సగం అరచేత్తో మూసింది. ఉడుత ఏడుస్తోంది, బుట్టలో పల్లికాయలు లేవు. పక్కన, ఆ చెట్టు కిందికి కొత్తగా వచ్చిన ముంగిస నిలబడి ఉంది.

"ఎవలు తిన్నరు?" అని అడిగింది అక్క. ముంగిసే అన్నాం అందరం. అక్క చెయ్యి తీసింది. బుట్ట అడుగున చిల్లు, అక్కడి నుంచి దారి పొడుగునా రాలిన పల్లికాయలు. పిల్లలంతా నవ్వారు. నేను నవ్వలేదు.

"పుస్తకం గామెదే గదక్కా, గామె దిక్కే మాట్లాడ్తది" అన్నాను.

అక్క కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్లి, బడి గోడా మా వాకిలీ రెండూ కనిపించే చోట నిలబెట్టింది. గోడ మీది అక్షరాలు వంకాయ రంగువి. మా దండెం మీద ఆరేసిన నూలూ వంకాయ రంగే. ఆ రంగు మా నాయన సొంతంగా కలిపింది, వాడలో ఇంకెవరింట్లోనూ లేదు. నూలు అద్దగా కాగులో మిగిలిన రంగునీళ్లతోనే అన్న గోడ మీద రాశాడు.

"పోలీసోళ్లకు కండ్లు లేవా చెల్లె? ఒకలు చెప్పాల్నా?" అంది అక్క మెల్లగా.

లోపల మగ్గం మీదున్న నాయన మమ్మల్ని చూసి తలదించుకున్నాడు. ఆయనకు ముందే తెలుసని అప్పుడర్థమైంది. తెలిసీ నిందను ఆ పిల్ల మీదికి పోనిచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

మెట్టు దగ్గరికి వెళ్లి "అందరికి నేనే చెప్పిన, తప్పయింది" అన్నాను. "ఆయన నీళ్లడిగాడు, ఇచ్చాను. అంతే" అంది ఆ పిల్ల. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి తప్పు నాదని చెప్పాను. మొదటిసారి నా మాట వెంటనే నమ్మినవాళ్లే ఈసారి నన్ను సవాలక్ష ప్రశ్నలడిగారు.

అన్న వారానికి ఇంటికొచ్చాడు. సారు కుటుంబం ఊరికి వెళ్లలేదు. ఆ పిల్ల నన్ను క్షమించింది, మళ్లీ ఆటకూ వచ్చింది. కానీ వారం తిరగకుండానే అచ్చం మాలాగే మాట్లాడటం మొదలుపెట్టింది. ఎంత చక్కగా నేర్చుకుందో అని వాడంతా మురిసిపోయింది. వాళ్లింట్లో మాత్రం అమ్మతో ఎప్పటిలాగే మాట్లాడేది. నేను గడపలోకి అడుగుపెడితే గొంతు మార్చుకునేది. అది భయమని నాకొక్కదానికే తెలుసు. ఇన్నేళ్లయినా, నేను లోపలికి రాగానే ఎవరైనా మాట మార్చుకుంటే గడప దగ్గరే ఆగిపోతాను.