గద్వాల టమాటలకు బస్సు పరీక్ష

మా చెల్లెలు నర్సమ్మకు గద్వాల పక్కన నల్లరేగడి చేను ఉంది. వేరే ఆధారం లేదు. టమాటలు కోసిన రెండో రోజుకే మెత్తబడి కారుతున్నాయని, వచ్చే మంగళవారం కూలీలతో తోటంతా పీకించేస్తానని కబురు పంపింది. నేను చదివింది రెండో తరగతి. టమాటలు మాత్రం ఇరవై ఏళ్ళుగా పండిస్తున్నాను. బయలుదేరాను.

ఆ గడువుకు వారం ముందే, మంగళవారం పొద్దున ఆరింటికి తెలకపల్లిలో బస్సెక్కాను. ఒక సంచిలో రెండు రోజుల కింద కోసిన నా టమాటలు, గుడ్డలో జొన్నరొట్టెలు. నాగర్‌కర్నూల్‌లో టీ మూడు రూపాయలన్నారు. తాగకుండా వనపర్తి బస్సు పట్టాను. కండక్టర్ సంచి చూశాడు.

"గద్వాలల టమాటలు దొర్కవా అవ్వా?"

"దొర్కుతయి. నిలవయి."

వనపర్తి బస్టాండులో రొట్టె తిని మళ్ళీ బస్సు మారాను. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణమ్మకు దండం పెట్టారు. చేతిలో సంచి ఉంది కాబట్టి నేను తల వంచాను.

ఒంటిగంటకు నర్సమ్మ ఇల్లు చేరాను. నా టమాటల్లో ఒక్కటీ చిట్లలేదు. ఆమె నొక్కి చూసింది.

"మీ ఎర్రచెల్క నేల మంచిది అక్కా. నా రాత గిట్లున్నది."

"రాత కాదు. నీళ్ళెప్పుడు కడుతున్నవే?"

"కోసే ముందురోజు. బరువు తూగుతదని."

"యూరియా?"

"మస్తు ఏసిన. ఆకు సూడు, ఎంత నల్లగున్నదో."

"ఆకు అమ్ముతవా?"

కోతకు ముందు నీళ్ళు తాగిన కాయ పగులుతుంది. యూరియా ఎక్కువైతే చెట్టు ఆకే పెంచుతుంది, కాయకు గట్టితనం రాదు. పైగా ఈమె పూర్తిగా ఎర్రబడ్డాక కోస్తోంది. నీళ్ళు ఆపించాను. నల్లరేగడిలో తేమ ఉంటుంది, నాలుగు రోజులకు చెట్టు చావదు. నర్సమ్మ రోజూ సాయంత్రం మోటారు వైపు నడిచేది. నేను ఆ దారిలో మంచం వేసుకుని కూర్చునేదాన్ని.

శనివారం చల్లపూట సగం రంగు తిరిగిన కాయలు కోయించి, నీడలో గడ్డి మీద పరిచాను. సోమవారానికి ఎర్రబడ్డాయి. తిరుగు బస్సులో నిలుస్తాయో చూద్దామని ఇరవై కాయలు సంచిలో వేసుకున్నాను.

"బస్సుల పచ్చడైతయి అక్కా."

"అయితే ఫోన్ జేసి చెప్త, పీకిద్దువు."

వనపర్తి దాటాక ఒకాయన తన జొన్నల మూట నా సంచి మీద పెట్టాడు.

"ఉల్లిగడ్డలా అవ్వా?"

"టమాటలు."

గబుక్కున మూట ఎత్తబోయాడు.

"ఉండనియ్యి. పరీక్ష."

ఆయన మూట అక్కడే వదిలి, వేరే సీటు వెతుక్కున్నాడు.

తెలకపల్లిలో దిగి బస్టాండులోనే సంచి విప్పాను. రెండు నలిగాయి. మిగతావి గట్టిగా ఉన్నాయి. ఎస్టీడీ డబ్బా నుంచి నర్సమ్మ ఇంటి పక్క దుకాణానికి ఫోన్ చేశాను. ఆమె అక్కడే కూర్చుని ఉంది.

"కూలోళ్ళను రావద్దని చెప్పు."

 అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. మీటరు తిరుగుతోంది, పెట్టేశాను.

నలిగిన రెండింటితో ఆ రాత్రి పులుసు పెట్టాను. గద్వాల పోయేవారు రొట్టె కట్టుకుపోవడం మంచిది. టమాటలు మోయనక్కర్లేదు. అక్కడ దొరుకుతాయి, నిలుస్తాయి.