క్రేనూ, పెన్ను మూతా

మా వీధి చివర గోడౌనులో లోడరుగా చేసే ఆయన్ని అందరూ క్రేను అనే పిలుస్తారు. రెండు తలుపుల ఫ్రిజ్జుని వీపుకి పట్టీ వేసి కట్టుకుని మూడో అంతస్తుకి ఒక్కడే మోసేవాడు. నడుముకి బెల్టు పెట్టుకున్న తోటి లోడరు కనబడితే చాలు, "ఏరా, వడ్డాణం చేయించుకున్నావా?" అని ఏడిపించేవాడు.

అలాంటి మనిషికి నడుం పట్టేసింది. ఇరవై రోజులు మంచం దిగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకల్లా ఒకటే కథ చెప్పాడు: "మెట్ల మీద ఫ్రిజ్జు జారింది. వదిలేస్తే కింద ఉన్న ముసలాయన నలిగిపోతాడు. వీపడ్డం పెట్టాను." చెప్పగా చెప్పగా ఫ్రిజ్జు పెద్దదైంది. ముసలాయన పక్కన ఓ పసిపిల్ల కూడా చేరింది.

అసలు సంగతి తెలిసినవాడు బావమరిది ఒక్కడే. ఇద్దరూ ఒకే బండి మీద పని. ఆ రోజు ఫ్రిజ్జు క్షేమంగా వంటింట్లో దిగింది. కస్టమరు సంతకం పెడుతుంటే పెన్ను మూత కిందపడింది. క్రేను మోకాళ్ళు వంచకుండా పక్కకి తిరిగి టక్కున వంగాడు. అంతే, ఇక లేవలేదు. వంగినవాడు వంగినట్టే ఉండి, "ఒరేయ్, ఈ మాట మీ అక్క చెవిన పడిందో, నీకూ నాకూ చుట్టరికం లేదు" అని ఒట్టు వేయించుకున్నాడు.

గోడౌను ఓనరు కబురు పంపాడు. వచ్చే నెలాఖరుకల్లా పని చెయ్యగలడని కాయితం తెస్తే సరే, లేకపోతే ఆ చోట్లో ఇంకొకడు వస్తాడు. క్రేనుకి మోయడం తప్ప వేరే పని రాదు. మూలుగుతూనే ఫిజియో దగ్గరికి బయల్దేరాడు.

"ఎముక భేషుగ్గా ఉంది బాబాయ్. కండరమే అలిగింది. పడుకునే కొద్దీ ఇంకా బిగుస్తుంది" అంది ఫిజియో అమ్మాయి. "ఇంతకీ ఎలా జరిగింది?"

ఫ్రిజ్జు, ముసలాయన, పసిపిల్ల, అన్నీ వచ్చేశాయి. పాపం, ఆ అమ్మాయి నమ్మింది. బరువులు ఎలా ఎత్తాలో నెల రోజులు నేర్పింది. పెట్టెని గుండెకి ఆనించుకుని కాళ్ళ బలం మీద లేవడంలో క్రేను ఆరితేరాడు. ఇంట్లో చెప్పులు తీసుకోబోతే మాత్రం నడుం కలుక్కుమనేది.

"ఇంత బాగా ఎత్తుతున్నారు, ఇంకా ఎందుకు పట్టేస్తోంది?" అని ఆ అమ్మాయి జుట్టు పీక్కునేది. క్రేను ఫ్యాను వైపు చూసేవాడు.

నెలాఖరుకి ఇంకా పది రోజులుందనగా పరీక్ష పెట్టింది. భార్యా, బావమరిదీ వెంట వచ్చారు. ఇరవై కిలోల పెట్టె పదిసార్లు నేల మీంచి బల్ల మీదికి. పదిసార్లూ పువ్వులా పెట్టాడు. "పాసు!" అంటూ ఆ అమ్మాయి కాయితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీసింది. మూత దొర్లి కిందపడింది.

క్రేను మర్యాదస్థుడు. టక్కున వంగాడు.

కలుక్కుమంది.

"బావా, మళ్ళీ మూతేనా!" అని అరిచాడు బావమరిది.

ఆ అమ్మాయి పెన్ను బల్ల మీద పెట్టేసింది. "మళ్ళీ అంటే?"

చెప్పక తప్పలేదు. అంతా విని భార్య నెమ్మదిగా అడిగింది: "మరి ఆ ముసలాయన? ఆ పసిపిల్ల? వీధి వీధంతా చెప్పుకొచ్చాను కదండీ!"

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక, "బరువు ఎత్తేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు బాబాయ్, మూతకి ఎవరు పెట్టుకుంటారు? మొదటి రోజే చెప్పుంటే ఈపాటికి పనిలో ఉండేవారు" అంది. సంతకం పెట్టలేదు. నొప్పి తగ్గాక రోజూ యాభైసార్లు నేల మీంచి పెన్ను మూత ఎత్తమంది, మోకాళ్ళు వంచి, నడుం తిప్పకుండా. భార్య దగ్గరుండి మూత పడేసింది. యాభై అయ్యాక కూడా, ముసలాయన పేరు చెప్పి ఐదు, పసిపిల్ల పేరు చెప్పి ఐదు.

నెల ఆఖరి రోజున సంతకం పడింది. ఓనరు ఆ కాయితాన్ని లోడర్లందరి ముందూ పైకి చదివాడు: "బరువులు ఎత్తవచ్చు. పెన్ను మూతలు, చెప్పులు, తాళంచెవులు జాగ్రత్తగా ఎత్తవలెను."

క్రేను చోటు క్రేనుకే దక్కింది. ఇప్పుడు డెలివరీ పుస్తకానికి పెన్నూ, పెన్నుకి మూతా దారంతో కట్టి ఉంటాయి. కట్టింది బావమరిది. ఎందుకని కస్టమర్లు అడిగితే "ఎత్తుకుపోతున్నారండీ" అంటాడు క్రేను. ఆ మాట అనేటప్పుడు బావమరిది వైపు మాత్రం చూడడు.