యాడి టోప్లీలు

బతుకమ్మ ఆడటానికి మా హైటెక్ సిటీ ఆఫీసు అమ్మాయి ఒకతె రెండు చెంపల పక్కనా లంబాడీ టోప్లీలు వేలాడదీసుకొచ్చింది. ఆ గలగల విని నా సమోసా నోటి దగ్గరే ఆగిపోయింది.

మేమూ లంబాడీలమే, అమ్మను యాడి అంటాం. మా యాడికీ అలాంటి వెండి టోప్లీలే ఉండేవి. ఆమె తల తిప్పితే ఖాజాగూడ గుట్టలు ఉలిక్కిపడేవి, గోల్కొండ ఫిరంగులు చెవులు మూసుకునేవి. గుట్ట మీద రాళ్లు కొట్టే బాపు, "ఈ సప్పుడు పట్టుకునే చీకట్ల ఇల్లు చేరుత" అని ఆమెను ఆటపట్టించేవాడు.

ఒకనాడు బాపు మీద రాయి దొర్లింది. నాతో మాత్రం దవాఖానలో ఉన్నాడన్నారు. తండా ఆడవాళ్లు యాడి టోప్లీలు విప్పి పెట్టెలో దాచారు.

తీజ్ పండుగనాడు నేను వాటిని బయటికి తీశాను.

"పెట్టుకో యాడీ! సప్పుడు లేకుంటే బాపు తొవ్వ తప్పుతడు."

"నేను ఇగ పెట్టుకోవద్దు బిడ్డా."

"గట్లయితే నేనే పెట్టుకుంట!"

దారంతో చెవులకు కట్టుకుని, గుమ్మంలో నిలబడి, పొట్టేళ్లు సిగ్గుపడేలా తల ఊపాను. భర్త పోయిన లంబాడీ ఆడది వాటిని పెట్టుకోదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. యాడి నన్ను ఆపలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, చీకటి పడేదాకా తనూ తొవ్వ వైపే చూసింది.