కుడివైపు వేసిన మందు

ఫిజీలో ఓ చిన్న రేవు పట్టణపు ఆసుపత్రిలో డాక్టర్ ఇనోకె పిల్లలకు మత్తు ఇవ్వడంలో చెయ్యి తిరిగినవాడు. వేళ్లతో తడిమి, సూది పొర దాటినప్పుడు చేతికి తగిలే చిన్న అదురును బట్టి, నొప్పి తెలియకుండా నరం దగ్గర మందు వదిలిన కాలం ఆయనది. తర్వాత అల్ట్రాసౌండ్ మిషను వచ్చింది. యాభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాడు. తెర మీద నరం చుట్టూ మందు నల్లగా పరుచుకుంటుంటే చూసి మురిసిపోయేవాడు.

గుచ్చేముందు ఒక్క క్షణం ఆగి, ఆపరేషను చేసే వైపు సర్జను పెట్టిన పెన్ను గుర్తు చూసి, ఏ వైపో నర్సుతో కలిసి పైకి చెప్పాలన్న నియమం పెట్టిందీ ఆయనే. కుర్ర డాక్టర్లు మరిచిపోతే చెడామడా తిట్టేవాడు. పెట్టినవాడికి ఆ నియమం వర్తించదని ఎప్పటి నుంచి అనుకున్నాడో మాత్రం ఆయనకే తెలియదు. పెద్దరికం అలాగే తలకెక్కుతుంది.

ఆ మంగళవారం కితియోనె అనే ఆరేళ్ల పిల్లాడికి ఎడమ గజ్జల్లో హెర్నియా ఆపరేషను.

"లేచాక నొప్పన్నదే తెలీదమ్మా. నాది పూచీ," అని పొద్దున్నే వాడి తల్లి ఉనైసీకి మాటిచ్చాడు ఇనోకె.

కుడి గోడకున్న ప్లగ్గు పాడైందని నర్సు రుసిలా ఆరోజు మిషనును ఎడమవైపు పెట్టింది. పిల్లాడు అప్పటికే మత్తులో నిద్రపోయాడు. చలి తగలకుండా కప్పిన దుప్పటి కింద పెన్ను గుర్తు ఉండిపోయింది. మిషనుకు ఎదురుగా, బల్లకు రెండో పక్క నిలబడి తన వైపే గుచ్చడం ఇనోకెకు అలవాటు. అలవాటుగానే వెళ్లి కుడివైపు నిలబడ్డాడు.

"ఆగు ముసలాయనా! ఏ వైపో చెప్పి గుచ్చు," అంది రుసిలా. ఆమె దీవికీ ఆయన దీవికీ తౌవూ వరస, ఎంత ఎగతాళి చేసుకున్నా నొచ్చుకోకూడదు.

"నువ్వు పుట్టకముందు నుంచీ గుచ్చుతున్నా. పీతలు పట్టుకునే మీ దీవోళ్లా నాకు పాఠాలు చెప్పేది?"

ఆమె నవ్వేసి ఊరుకుంది. తెర మీద బొమ్మ చక్కగా వచ్చింది. ఆయన తెరనే చూశాడు, పిల్లాణ్ణి చూడలేదు. మందంతా పోయాక రుసిలా దుప్పటి తీసింది. నల్లటి బాణం గుర్తు ఎడమ తొడ మీద ఉంది.

ఇనోకె చేతిలోని ఖాళీ సిరంజిని చూసుకున్నాడు. పిల్లాడి బరువుకు ఇవ్వగలిగిన మందంతా కుడివైపే పోసేశాడు. మళ్లీ ఎడమవైపు వేస్తే గుండెకు ప్రమాదం. సర్జనుకు విషయం చెప్పి, సెలైన్లో వేరే నొప్పి మందు పెట్టించాడు. అది చాలదని ఆయనకు తెలుసు. రుసిలా ఒక్క వెటకారపు మాటైనా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

మధ్యాహ్నం వార్డు గుమ్మం దగ్గర ఆయన కాళ్లు ఆగిపోయాయి. కుడివైపున్నది చీమ కుట్టినంత గుర్తు. చెప్పకపోతే ఆ తల్లికి ఎప్పటికీ తెలియదు. లోపల ఆమె గొంతు వినిపించింది.

"ఇంక చాల్లే ఏడుపు! డాక్టరుగారు మందేశారు, నొప్పుండదన్నారు. ఆయన అబద్ధం చెప్తారా? వేషాలేశావంటే మీ నాన్నకి చెప్తా."

"నిజంగా నొప్పేనమ్మా..."

ఇనోకెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. లోపలికి వెళ్లి, ఆమె కూర్చున్న చాప అంచున, కింద నేల మీద కూర్చున్నాడు.

"అయ్యో, కిందెందుకండీ డాక్టరుగారూ? కుర్చీ ఉందిగా!"

"వాడు నిజమే చెప్తున్నాడమ్మా. నేను మందు కుడిపక్క వేశాను. నర్సు ఆపినా వినలేదు, నాకంతా తెలుసనుకున్నా. ఇప్పుడే ఇంకో మందు పెట్టిస్తున్నాను. తప్పు నాది. క్షమించమ్మా."

ఉనైసీ చాప మీంచి లేచింది. ఆయన వంక చూడకుండానే మంచం మీదికి వంగి కొడుకు నుదురు తుడిచింది.

"దొంగేడుపన్నాను కదరా నిన్ను. తప్పయిపోయింది నాన్నా, అమ్మ మీద కోపం వద్దు," అంటూ ఏడ్చేసింది.

"పర్లేదులేమ్మా," అన్నాడు పిల్లాడు వెక్కుతూనే.

ఆ మాట తనకు కాదని ఇనోకెకు తెలుసు.