నీళ్లు లేని మాత్ర

మా ఆయనకు కాలి మీద సెగగడ్డ లేచింది. నాచారంలో ఒక డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. సరిగ్గా అప్పుడే మాకు శ్రమల దినాలు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాలు. మా ఆయన ఉపవాసమంటే మామూలుది కాదు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు.

మాత్రల కోసం సొంతంగా ఒక చట్టం చేసుకున్నాడు. మందు తిండి కాదు కాబట్టి మింగొచ్చట, నీళ్లు తాగితే మాత్రం ఉపవాసం చెడుతుందట. ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగి ఉప్పల్‌లో మా ఇంటికి రావడం, మాత్ర ఉమ్మితో మింగడం, వెంటనే చాప మీద వాలిపోవడం. ఇలాంటి లెక్కలు దేవుడు ఎవర్ని అడిగాడో నాకైతే తెలియదు.

ఓ రోజు నిద్ర లేచేసరికి ఛాతీ మధ్యలో మంట. సాయంత్రం గంజి తాగబోతే గుటక దిగలేదు. "గ్యాసే, ఏం గాదు," అన్నాడు. మర్నాడు సాయంత్రం ఇడ్లీ ముక్కకూ అదే బాధ. కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. మా మామగారు పోయింది అన్నవాహిక క్యాన్సర్‌తో. ఆయనకూ మొదట ఇట్లాగే ముద్ద దిగలేదు. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

దవాఖానాలో నోట్లోంచి సన్నటి గొట్టం దించి చూశారు. బయట కుర్చీలో నేను చేసింది ప్రార్థనో, ఆయన్ని తిట్టడమో చెప్పలేను. కాసేపటికి డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది.

"క్యాన్సర్ గాదు. అన్నం దిగే గొట్టం వాచింది, నడుమ పుండుంది. మాత్రలు ఎట్ల మింగుతున్నరు?"

"నోట్లేసుకొని మింగుత మేడం."

"నీళ్లు?"

"ఉపాసం గదా మేడం."

"మింగినంక?"

"పండుకుంట."

ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. మాత్ర అక్కడే ఇరుక్కుని, కరిగి, గోడను కాల్చిందట. ఆ మందు ఆపి వేరేది ఇచ్చింది. పరగడుపున యాసిడ్ తగ్గించే గోలీ, పుండు మీద పూతలా నిలిచే సిరప్ రాసింది. తగ్గేదాకా మెత్తటి, చల్లారిన తిండే. కారం, చాయ్ వద్దు. ఏ మాత్రయినా కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. ఆ తర్వాత అరగంట దాకా నడుం వాల్చకూడదు.

"తగ్గేదాంక ఉపాసం బంద్," అంది.

"పాస్టరయ్యను అడగాలె మేడం."

"నేనడుగుత. నువ్వు నోరు మూసుకొని నీళ్లు తాగు," అన్నాను.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి వచ్చాక పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దిగింది. రెండోదీ దిగింది.

"మా నాయిన లెక్కనే పోత అనుకున్న," అన్నాడు కంచంలోకి చూస్తూ.

"నేను గూడ గదే అనుకున్న."

కంచం నా వైపు జరిపాడు.

"ఇంక జర ఎయ్యి."

గరిటె నిండా వేశాను. ఏడుపు తన్నుకొచ్చింది, దాంతోపాటే తిట్లు కూడా. ఆయన నవ్వుతూ తింటూనే ఉన్నాడు.